ఆరు స్క్రూల మావయ్య

మా మావయ్య పోయాడు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్ని వారాలు పట్టింది.

బావ ఫోన్ చేసినప్పుడు నేను పొద్దుటి డ్యూటీలో ఉన్నాను. ఒక పెద్దావిడ చేతికి బీపీ పట్టీ చుట్టి గాలి కొడుతున్నాను. డ్యూటీలో ఫోన్ ఎత్తను, కానీ బావ వరసగా మూడుసార్లు చేశాడు. "నాన్న లేడే. టీ తాగుతాననీసి కూకున్నాడు, అంతే," అన్నాడు. సరేనని పెట్టేసి, మళ్ళీ మొదటినుంచి గాలి కొట్టి, అంకె చూసి, కాగితం మీద రాసి, అప్పుడు గదిలోంచి బయటికి వచ్చాను. పట్టుకున్న పని సగంలో వదిలేస్తే ఆయనకి అస్సలు గిట్టేది కాదు. ఏడుపు ఆ తరవాత చూసుకున్నాను.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి కుర్రతనంలోనే రాయపూర్ వచ్చి, రైల్వే వ్యాగన్లు బాగుచేసే కార్ఖానాలో ఫిట్టరుగా చేరి, అక్కడే రిటైరయ్యాడు. గుఢియారీలో రైలు పట్టాలకి దగ్గరగా ఉన్న ఇంట్లోనే చివరిదాకా ఉన్నాడు. కార్ఖానాలో అందరూ ఆయన్ని మిస్త్రీ అనేవారు. ఆయన గురించి నాలుగు మాటలు రాసివ్వమని మా తెలుగు చర్చి సంఘం వాళ్ళు నన్నే అడిగారు. మంచి విశ్వాసి, ప్రార్థనాపరుడు అని రాయొచ్చు, అబద్ధమేమీ కాదు. కానీ ప్రసంగం మొదలైన అయిదో నిమిషానికి కునుకు తీసే మనిషి గురించి అలా రాస్తే వెనక బెంచీవాళ్ళు నవ్వుతారు. అందుకని ఆయన నా గిటారు బాగుచేసిన సంగతి రాస్తున్నాను. చెవులు సగం పోయిన మనిషి, ఏ పాట ఏ రాగమో పట్టని మనిషి, శ్రుతి ఎలా నిలబెట్టుకోవాలో నాకు నేర్పాడు.

చెవుల్ని కార్ఖానా తీసుకుంది. రోజంతా ఇనుము మీద ఇనుము మోదే చోట ఏళ్ళ తరబడి నిలబడితే సన్నటి శబ్దాలు ముందు పోతాయి. సైకిల్ బెల్లు, పిట్ట కూత, కుక్కర్ విజిల్ ఆయనకి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మూడు విజిల్స్ రాగానే పొయ్యి కట్టెయ్యమని చెప్పి అత్తయ్య కూరగాయలకి వెళితే, తిరిగి వచ్చేసరికి పప్పు మాడి, ఆయన దాని పక్కనే ప్రశాంతంగా పేపరు చదువుకుంటూ ఉండేవాడు. మనుషుల గొంతులు మాత్రం వినపడేవి. అత్తయ్య గొంతు వినపడనట్టు నటిస్తాడని అత్తయ్య ఫిర్యాదు. అది నిజమేనని నాకూ అనుమానం.

ఇక ఆయన బిగింపు గురించి చెప్పాలి. మావయ్య కట్టిన కుళాయిని మళ్ళీ మావయ్యే విప్పాలి. ఆయన మూత పెట్టిన ఊరగాయ సీసాని మా అమ్మ తువ్వాలులో చుట్టుకుని గుమ్మంలో నిలబడేది, ఎవరైనా బలమైన మనిషి అటు వెళతాడేమోనని. పక్కింటి ఠాకూర్ గారి భార్య అమ్మని చూడగానే, "భాయీ ఆయా థా క్యా?" అని, మీ తమ్ముడొచ్చి వెళ్ళాడా అని, అడిగేది. వదులుగా ఉన్న స్క్రూ కనపడితే ఆయన చెయ్యి ఆగేది కాదు. పెళ్ళి పందిట్లో కూర్చున్న కుర్చీ కిర్రుమంటే లేచి దాన్ని తిరగేసి జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసేవాడు, అక్కడ తాళి కడుతున్నా సరే. తప్పు పట్టడానికి లేదు. ఆయన ఒక నట్టు మరిచిపోతే ఎక్కడో ఊరూపేరూ తెలియని చోట ఒక బండి పట్టాలు తప్పుతుంది. ఆ భయంతోనే ఆయన జీవితమంతా తిన్నాడు, పడుకున్నాడు.

నేను నర్సింగ్ పూర్తిచేసి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడాది ఒక ఎర్రటి ఎలక్ట్రిక్ గిటారు కొనుక్కున్నాను. పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రా వాయించే ఒకతను ఊరు విడిచి వెళుతూ అమ్మేసిన గిటారు అది. అంతకుముందు చర్చిలో మామూలు చెక్క గిటారు వాయించేదాన్ని. నాకంటే ముందు మా సంఘంలో ఆడపిల్ల గిటారు పట్టింది లేదు. ఎవరూ వద్దనలేదు కానీ, ఎవరూ రమ్మని కూడా అనలేదు. నేనే వెళ్ళి కీబోర్డు పక్కన నిలబడ్డాను. ఆ చోటు నాకు ఎంత ముఖ్యమో ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. వారమంతా వార్డులో అందరి మాటా వింటూ తిరిగే దాన్ని, ఆదివారం ఒక్క గంట పదిమంది నా చేతిని విని పాడతారు. ఆ గంట కోసమే వారం గడిచేది.

కొత్త గిటారుకి ఒక హ్యాండిల్ ఉంది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. గిటారు కింది భాగంలో తీగలన్నీ వచ్చి కూర్చునే లోహపు దిమ్మని బ్రిడ్జి అంటారు. మామూలు గిటారులో అది కదలదు. నా గిటారులో అది ముందు అంచున ఆరు స్క్రూల మీద ఆని, ముందుకీ వెనక్కీ కొద్దిగా ఊగుతుంది. హ్యాండిల్ నొక్కితే బ్రిడ్జి ముందుకి వంగి తీగలు వదులవుతాయి, స్వరం కిందికి జారుతుంది. వదిలేస్తే గిటారు వెనక గుంటలో ఉన్న స్ప్రింగులు దాన్ని మళ్ళీ యథాస్థానానికి లాగాలి. అప్పుడు ఆ స్వరం మనిషి గొంతులా వణికి నిలబడుతుంది. లాగాలి అన్నాను చూడండి, కష్టమంతా అక్కడే. నా గిటారు వెళ్ళడం వెళ్ళేది, వచ్చేటప్పుడు ఇంటిదాకా రాకుండా వీధి చివర ఆగిపోయేది.

ఆ సంగతి నాకు కోత పండగ ఆరాధనలో తెలిసింది. చర్చి నిండా జనం. ముందు వరసలో వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు. మొదటి చరణం చివర నేను గొప్పగా హ్యాండిల్ నొక్కి వదిలాను. రెండో చరణానికి కీబోర్డు ఒక దారిన, నేను ఒక దారిన. సరిచేసుకుందామని ఒక తీగ బిగిస్తే మిగిలినవి ఇంకా దిగాయి. పాడేవాళ్ళు ఎటు వెళ్ళాలో తెలియక ఒక్కొక్కరే ఆగిపోయారు. చివరి చరణం మా పాస్టరుగారు, ఇద్దరు ముసలమ్మలు మాత్రమే పాడారు.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద నన్ను పక్కకి పిలిచారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ రైల్వే ఆఫీసులో చేసి రిటైరైన మనిషి, ఎవరినీ గొంతెత్తి మందలించి ఎరగరు. "కోపం తెచ్చుకోకమ్మా. జనం పాట మీద మనసు పెట్టాలి కానీ తీగల మీద కాదుగా. కొన్నాళ్ళు గిటారు ఇంట్లోనే ఉంచు," అన్నారు. కొన్నాళ్ళు అంటే ఎన్నాళ్ళో మన పెద్దవాళ్ళ భాష తెలిసిన అందరికీ తెలుసు. తలూపి వచ్చేశాను. ఇంటికి వచ్చి గిటారుని మంచం కిందికి తోశాను.

ఆ మధ్యాహ్నం మావయ్య, అత్తయ్య మా ఇంటికి భోజనానికి వచ్చారు. కోడి పులుసు ఇంకా ఉడుకుతోంది. జరిగింది అమ్మ చెప్పింది. మావయ్య మంచం కింద నుంచి గిటారు తీసి, చాప మీద పడుకోబెట్టి, తన పనిముట్ల చుట్ట విప్పాడు. బ్రిడ్జిని వేలితో నొక్కి చూశాడు. అది ఊగింది. ఆయన మొహంలో అసహ్యం లాంటిది కనపడింది. నేను పెరట్లో చేతులు కడుక్కుని వచ్చేలోగా ఆ ఆరు స్క్రూలూ ఒకదాని తరవాత ఒకటి, ఇక తిరగదు అనేదాకా బిగించేశాడు. వెనక మూత తీసి స్ప్రింగుల్ని పట్టి ఉంచే స్క్రూలని కూడా వదల్లేదు. "ఇప్పుడు ఏనుగొచ్చి తొక్కినా కదల్దు," అన్నాడు.

నిజమే, కదల్లేదు. హ్యాండిల్ మీద నా బరువంతా వేస్తే కిర్రుమని ఒక వెంట్రుకవాసి వంగింది, వంగినది అక్కడే ఉండిపోయింది. స్క్రూలు బ్రిడ్జి ముందు అంచు రేకుని కొరికి పట్టుకున్నాయి. నాకు పొద్దుటి నుంచి దాచుకున్న కోపమంతా ఒక్కసారి పైకి వచ్చింది. "ఇది వ్యాగను కాదు మావయ్యా. తెలీనిదాన్లో చెయ్యెందుకు పెడతావు?" అన్నాను. అమ్మ గరిట పట్టుకుని వంటింటి గుమ్మంలో ఆగిపోయింది.

మావయ్య స్క్రూడ్రైవరుని గుడ్డతో తుడిచి, చుట్టలో దాని అరలో దాన్ని పెట్టి, తాడు కట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. కోడి పులుసు ఉన్న ఇంట్లోంచి మావయ్య తినకుండా వెళ్ళడం మా కుటుంబ చరిత్రలో లేదు. అత్తయ్య మాత్రం, "కూకో వదినా, ఆకలేస్తే అతనే వస్తాడు," అని కంచం ముందు కూర్చుంది. ఆయన రాలేదు. నేనన్న మాట ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గుతో చచ్చిపోతాను. ముప్పై ఏళ్ళుగా వ్యాగన్లతో మా అందరికీ ఆసరా అయిన మనిషిని పట్టుకుని వ్యాగను కాదు అన్నాను.

నాలుగో రోజు సాయంత్రం, నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆయన కార్ఖానా బట్టల్లోనే మా వసారాలో కూర్చుని ఉన్నాడు. చొక్కా జేబులోంచి ఫీలర్ గేజ్ తీసి చాప మీద పెట్టాడు. పల్చటి ఉక్కు రేకుల గుత్తి అది, ఒక్కొక్క రేకు ఒక్కొక్క మందం. రెండు ఇనుప భాగాల మధ్య ఎంత ఖాళీ ఉందో దాంతో కొలుస్తారు.

"ఒలే గుంటా, తప్పు నాదేనే. నేను దీన్ని తలుపు బందు అనుకున్నాను. కాదు. ఇది బోగీయే," అన్నాడు.

తరవాత ఆయన చెప్పింది నా మాటల్లో చెబుతాను. వ్యాగను పెట్టె బోగీ అనే చక్రాల బండి మీద కూర్చునే చోట, మధ్యలో ఒక ఇరుసు ఉంటుంది. రెండు పక్కలా ఆనుకునే దిమ్మల దగ్గర మాత్రం కొలిచి కొద్దిగా ఖాళీ వదులుతారు. ఆ ఖాళీ లేకపోతే తిన్నటి దారిలో ఏమీ తెలియదు. వంపు వచ్చినప్పుడు చక్రాలు తిరగాలి, పెట్టె తిరగనివ్వదు, బండి పట్టా దిగుతుంది. ఆ ఖాళీ కొలవడమే ఆయన ఉద్యోగంలో సగం. ఆ రోజు మధ్యాహ్నం ఎవడో కొత్త ఫిట్టరు దిమ్మ బిగబట్టి పెడితే, ఈయన వాణ్ణి హిందీలో నానా తిట్లూ తిట్టి, తిడుతూ తిడుతూ మధ్యలో ఆగిపోయాడట. తను నా గిటారుకి చేసింది అదేనని అప్పుడు తట్టింది.

"కదిలేదానికి సందు ఒగ్గాల. ముప్పై ఏళ్ళు సందు కొలిసినోణ్ణి, నాకు నీ కాడ గేపకం రాలేదు," అన్నాడు. ఆయన కళ్ళు నా వైపు చూడలేదు, గిటారు వైపే ఉన్నాయి. క్షమించమని నేను అడగబోతే, టీ పెట్టమని పంపేశాడు.

ఆ సాయంత్రం నుంచి క్రిస్మస్ దాకా మా పని అదే. నేను సంఘ పెద్ద ఇంటికి వెళ్ళి క్రిస్మస్ ఆరాధనలో ఒక్క పాట అడిగాను. ఆయన ఒక వేలు చూపించి, "ఒక్కటే. మళ్ళీ ఆ రోజులా అయితే ఇక నన్ను అడగకూడదమ్మా," అన్నారు. ఒప్పుకుని వచ్చాను. ఆ మాట విని మావయ్య మొహం నల్లబడింది. ఇప్పుడు ఈ గిటారు పట్టా దిగితే ఆ పాపం తనదే అనుకున్నాడు.

ఆరు స్క్రూలూ విప్పి చూస్తే ఆయన బిగింపుకి రేకులో ఒక రంధ్రం అంచు లేచి ఉంది. సన్న గరుకు కాగితంతో, పసిపిల్ల గోరు అరగదీసినంత మెల్లిగా దాన్ని అరగదీశాడు. తరవాత అటు చివర ఒకటి, ఇటు చివర ఒకటి, ఆ రెండు స్క్రూలు మాత్రం బ్రిడ్జిని పట్టి ఉంచేంత బిగించి, మధ్య నాలుగూ రేకుకి తగలకుండా కాస్త పైకి ఉంచాడు. అలా వదులుగా వదలడం ఆయన చేతికి ఎంత కష్టమైందో నేను కళ్ళారా చూశాను. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టినా వేళ్ళు మళ్ళీ దాని మీదికే పోయేవి. చివరికి దాన్ని నా చేతిలో పెట్టి, "నువ్వే తిప్పు. నా సెయ్యి మాట ఇనదు," అన్నాడు. ఆ రోజు తరవాత నా గిటారు మీద ఆయన ఒక్క స్క్రూ కూడా తిప్పలేదు. పక్కన కూర్చుని చెప్పడమే.

అసలు తిప్పలు తరవాత మొదలయ్యాయి. తీగలు ఒకవైపు లాగుతాయి, వెనక స్ప్రింగులు రెండోవైపు లాగుతాయి. రెండూ సమానమైనప్పుడు బ్రిడ్జి చెక్క మీద కొద్దిగా లేచి తేలుతూ నిలబడాలి. తీగల్ని శ్రుతికి తెస్తే బ్రిడ్జి పైకి లేస్తుంది. వెనక స్క్రూ అర చుట్టు బిగిస్తే బ్రిడ్జి దిగుతుంది, తీగల శ్రుతి పెరుగుతుంది. మళ్ళీ శ్రుతి, మళ్ళీ అర చుట్టు. మొదటి రోజు నేను పది సార్లకే విసిగిపోయి, ఇది అయ్యే పని కాదన్నాను. మావయ్య విసుక్కోలేదు. బ్రిడ్జికీ చెక్కకీ మధ్య ఖాళీ ఎంత ఉండాలో గేజ్‌తో కొలిచి, అంతే మందంగా ఒక పాత శుభలేఖని మడిచి నాకిచ్చాడు, తను లేనప్పుడు బ్రిడ్జి కింద పెట్టి చూసుకోమని. అది నలగకుండా, పడిపోకుండా జారితే సరిగ్గా ఉన్నట్టు.

ఆయనకి పై తీగలు వినపడవు. నాకు ఇనుము సంగతి తెలియదు. అందుకని పని పంచుకున్నాం. "నువ్విను, నేను సూస్తాను," అనేవాడు. నేను హ్యాండిల్ నొక్కి వదిలేదాన్ని. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు తీగలకి ఆనించి చూసేవాడు. "తిరిగొచ్చిందా?" అని అడిగేవాడు. ఒకటి రాలేదు, కిందే ఉండిపోయింది అని చెబితే, దాని దారి వెంట వెతికేవాడు. పైన మెడ చివర తీగలు దూరే గాడిలో ఒక తీగ ఇరుక్కుని, తడవకోసారి టిక్కుమని దూకుతోంది. ఆ చప్పుడు నేను విన్నాను, దూకడం ఆయన చూశాడు. పెన్సిల్ ముల్లు గీకి ఆ పొడి గాడిలో వేస్తే సాఫీ అయింది. పైన శ్రుతి బిగించే బిరడాలకి నేను తీగని ఏడెనిమిది చుట్లు చుట్టి ఉంచాను, ఎక్కువ చుడితే గట్టిగా ఉంటుందని. చుట్టు మీద చుట్టు ఎక్కితే జారక ఏం చేస్తుందని, విప్పించి రెండున్నర చుట్లకి తగ్గించాడు. మా ఇంట్లో ఎవరూ ఒక పట్టాన నమ్మరు గానీ, తక్కువ చుట్టమని చెప్పింది మావయ్యే.

ఒక్క విషయంలో మాత్రం ఆయన పాత మనిషే. వ్యాగన్ బేరింగులకి వేసే గ్రీజు డబ్బాలో కొంచెం తెచ్చి, బ్రిడ్జికంతటికీ పూద్దామన్నాడు. నేను గిటారు ఎత్తుకుని గదిలోకి వెళ్ళిపోయాను. చివరికి అగ్గిపుల్ల చివరన ఎంత అంటుకుంటే అంత, ఆ రెండు స్క్రూల దగ్గర మాత్రం అని రాజీ కుదిరింది. క్రిస్మస్ రోజు నా వేళ్ళకి కొద్దిగా కార్ఖానా వాసన వచ్చింది.

ఆ ఆరాధనలో మావయ్య ఎప్పటిలా వెనక బెంచీలో కాకుండా పక్క గోడని ఆనుకుని నిలబడ్డాడు. పాట మొదలైంది. మొదటి చరణం చివర నా చెయ్యి హ్యాండిల్ దగ్గరికి వెళ్ళింది. నొక్కకుండా కూడా పాట ముగించవచ్చు, ఎవరూ అడగరు. కానీ గోడ దగ్గర ఆయన మెడ చాచి చూస్తున్నాడు. ఆయనకి నా స్వరం వినపడదు, అది తిరిగి వచ్చిందో లేదో నా మొహం చూసి తెలుసుకోవాలి. నొక్కి వదిలాను. స్వరం కిందికి జారి, వణికి, తన చోటికి వచ్చి కూర్చుంది. రెండో చరణం కీబోర్డూ, నేనూ, చర్చి మొత్తం ఒక్క చోటే ఎత్తుకున్నాం. నేను ఏం మొహం పెట్టానో తెలియదు గానీ, మావయ్య గోడ వదిలి వెళ్ళి బెంచీలో కూర్చున్నాడు. ప్రసంగం మొదలయ్యేసరికి నిద్రపోయాడు. సంఘ పెద్ద బయటికి వెళ్ళేటప్పుడు, "వచ్చే ఆదివారం కూడా తెచ్చుకోమ్మా," అన్నారు. అప్పటి నుంచి ఆ చోటు నాదే.

తరవాత ఏళ్ళన్నీ ఇదే వరస. వానలు మొదలై గిటారు మెడ తేమకి కదిలినప్పుడు ఒకసారి, చలికాలం ముందు ఒకసారి, కొత్త తీగలు వేసినప్పుడల్లా ఒకసారి. నాకు పెళ్ళయి రాయపూర్‌లోనే అటు పక్కనున్న మోవా వచ్చేశాక కూడా పనిముట్ల చుట్ట స్కూటర్ ముందు పెట్టుకుని వచ్చేవాడు. స్క్రూడ్రైవర్ నా చేతిలో, టీ గ్లాసు ఆయన చేతిలో. "బిగించడం ఎవుడైనా సేత్తాడు. ఎక్కడ ఆపాలో తెల్సినోడే ఫిట్టరు," అని ప్రతిసారీ కొత్త మాటలా చెప్పేవాడు. నా పెళ్ళిలో మా ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి ఇచ్చిన సలహా కూడా అదే: "బాబూ, ఆరింట్లో రెండే బిగించు. నాలుగు ఒగ్గీ." మా ఆయనకి అప్పుడు ఏమీ అర్థం కాలేదు. ఆరు నెలల కాపురం అయ్యాక అర్థమైందంటాడు. ఆ మాట ఏ ఉద్దేశంతో అంటాడో నేను అడగను.

ఈ ఏడు వానల్లో ఆయన రాలేకపోయాడు, నేనే గిటారు తీసుకుని గుఢియారీ వెళ్ళాను. అప్పటికి చెవులు పూర్తిగా పోయాయి. మంచం మీద కూర్చుని టార్చి పట్టుకున్నాడు, నేను వెనక మూత తీసి స్ప్రింగులు సరిచేస్తున్నాను. వెలుగు అటూ ఇటూ ఊగుతోంది. నేను తలెత్తి ఆయన చేతి వైపు చూశాను. "నా సెయ్యి సూడకు, స్క్రూ సూడు," అన్నాడు. అరగంట అలాగే పట్టుకున్నాడు. మధ్యలో అత్తయ్య తీసుకోబోతే ఇవ్వలేదు.

సమాధి రోజున గిటారు చర్చికి తీసుకెళ్ళాను గానీ సంచి విప్పలేదు. ఆయన పెట్టె ముందు నిలబడి తప్పు వాయిస్తానేమోనని భయం. కీబోర్డుతో పాటలు నడిచిపోయాయి, నేను జనంలో నిలబడి పెదాలు కదిపాను. సమాధుల తోటకి వెళ్ళేటప్పుడు మా ఆయన ఆ సంచి భుజాన వేసుకుని నాతోపాటే నడిచాడు. మట్టి వెయ్యడం అయింది. చుట్టూ మా సంఘం వాళ్ళు, తెలుగు ఒక్క ముక్క రాని కార్ఖానా స్నేహితులు, అత్తయ్యని పట్టుకుని బావ. పాస్టరుగారు చివరి పాట చెప్పబోతుంటే సంఘ పెద్ద చెయ్యెత్తి ఆపారు. ఆయనకి ఇప్పుడు ఎనభై దాటాయి, కర్ర లేకుండా నడవలేరు.

"సంచిలో ఉన్నది తియ్యమ్మా," అన్నారు నాతో.

"ఇక్కడ కరెంటు లేదండీ తాతగారూ. ఇది వినపడదు," అన్నాను.

"ఫరవాలేదు. మేమే దగ్గరికొచ్చి వింటాం."

తీశాను. రెండు రోజుల నుంచి ఎండలో, తేమలో, ఆటోలో, భుజాల మీద తిరిగిన గిటారు. హ్యాండిల్ ఒకసారి నొక్కి వదిలి, చెవి ఒగ్గి విన్నాను. ఆరు తీగలూ వాటి చోట్లలోనే ఉన్నాయి. నా చేతులకి ధైర్యం వచ్చింది. పాట ఎత్తుకున్నాను. కరెంటు లేని ఎలక్ట్రిక్ గిటారు చప్పుడు ఎంతని, దోమ రొద కంటే కాస్త పెద్దది. ముందు అత్తయ్య అడుగు వేసింది. తరవాత బావ, తరవాత కార్ఖానా వాళ్ళు, చెప్పులు చేత్తో పట్టుకుని తడి మట్టి మీద నడిచి వచ్చిన ఆడవాళ్ళు. ఎవరూ గొంతు పెంచలేదు, పెంచితే గిటారు మునిగిపోతుందని. గుసగుసలా పాడారు. నేను ఏడుస్తూనే వాయించాను, ఒక్క స్వరం తప్పలేదు. ఎవరిదో భుజం నా భుజానికి తగిలింది, ఇంకెవరిదో ఊపిరి నా చేతి మీద పడింది. రెండో చరణానికి వచ్చేసరికి సంఘ పెద్ద కర్ర మీద పూర్తిగా వంగిపోయి ఉన్నారు, ఆయన చెవి గిటారు చెక్కకి జానెడు దూరంలో ఉంది.